ఏడో టేబుల్ మీద మూడు నాణేలు

గుమాస్తా శవం శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి లిఫ్టు గుంతలో దొరికింది. శనివారం ఉదయం తొమ్మిదికి కర్నల్ ఎమరీ ఏజెంట్ మైలో హుడాక్‌ని వాషింగ్టన్ ఆఫీసులో తన గదికి పిలిపించాడు.

"కూర్చో. నాణేల సంగతి తెలుసా నీకు?"

"కొద్దిగా సర్."

"బాగా తెలుసని ఫైల్లో ఉంది. పుట్టింది పెన్సిల్వేనియాలో, స్లేటన్ ఫోర్జ్ ఉక్కు ఊళ్ళో. మీ నాన్న అక్కడి నాణేల క్లబ్బుకి పదహారేళ్ళు అధ్యక్షుడు."

"పద్నాలుగేళ్ళు సర్."

కర్నల్ పెన్ను తీసి ఫైల్లో అంకె దిద్దాడు.

"అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చిన ఆరుగురిని మనం పేర్లు మార్చి దాచాం. చచ్చిపోయిన మన గుమాస్తా వాళ్ళలో ఒకరి టెలిఫోన్ నంబరు అమ్మేశాడు. ఎవరిదో చెప్పకుండానే పోయాడు. నంబరు దొరికితే ఇల్లు దొరుకుతుంది. ఇల్లు దొరికితే ఆ మనిషి పొద్దుపోయేదాకా బతకడు."

"ఆరుగురినీ ఇళ్ళు మార్పించొచ్చు కదా?"

"ఆరిళ్ళు ఒక్కసారి ఖాళీ అయితే ఆరుగురూ బయటపడతారు. ఆ ఒక్కరెవరో తెలియాలి నాకు."

కర్నల్ సొరుగులోంచి అరచేతిలో సగం ఉన్న తెల్ల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. మధ్యలో పారదర్శకమైన గుండ్రటి కిటికీ, అందులో అరిగిన నాణెం. వెనక వైపు సిరాతో మూడు అక్షరాలు.

"ఇదేమిటో నీకు చెప్పక్కర్లేదనుకుంటాను."

చెప్పక్కర్లేదు. ప్రతి నాణేల వ్యాపారీ ఒక్క అక్షరం కూడా రెండుసార్లు రాని పది అక్షరాల మాట ఒకటి ఎంచుకుంటాడు. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. నాణేన్ని తను ఎంతకి కొన్నాడో ఆ అక్షరాల్లో అట్ట వెనక రాసుకుంటాడు. కొనేవాడికి అర్థం కాకూడదని. ఆ మాటని భార్యకి కూడా చెప్పని వాళ్ళున్నారు.

"శత్రువుల ముఠా ఈ పద్ధతినే వాడుతోంది," అన్నాడు కర్నల్. "మూడు అట్టలు. పది అంకెలు. వాళ్ళ మాటేమిటో గుమాస్తా జేబులో దొరికింది. అట్టలే దొరకలేదు. రేపు ఆదివారం స్లేటన్ ఫోర్జ్ ఫైర్ స్టేషన్ హాల్లో నాణేల ప్రదర్శన. అక్కడ వెరా లాంగ్ అనే వ్యాపారి ఆ అట్టల్ని ముఠా మనిషికి అందించాలి. మనకి అందిస్తానంది. ఆమె వాళ్ళ మనిషి. మన మనిషి కూడా."

"ఎవరి మనిషి ఎక్కువ సర్?"

"ఆమెకి కూడా తెలియదనుకుంటాను. వచ్చేవాడి మొహం మనకి తెలియదు. వాడు ఆ అట్టల వెనక ఒక్కసారి చూస్తే చాలు. హాల్లోనే టెలిఫోన్ ఉంది."

"నా వేషం?"

"అక్కర్లేదు. నువ్వు నీలాగే వెళ్ళు. పుట్టిన ఊరు, తండ్రి క్లబ్బు. ఎవరూ అనుమానించరు."

మైలో చాలాసేపు అట్ట వైపే చూశాడు. పదకొండేళ్ళలో అతను చర్చి ఫాదర్ వేషం వేశాడు, రేడియోలు బాగుచేసేవాడి వేషం వేశాడు, ఒకసారి చెవిటివాడిగా ఆరు వారాలు బతికాడు. తన వేషం తనే వేసుకోమని ఎవరూ అడగలేదు.

"ఇంకెవర్నైనా పంపండి సర్."

"కారణం?"

"కాస్త జలుబుగా ఉంది."

కర్నల్ అతనికి ఒక రుమాలు, భూతద్దం ఇచ్చాడు. భూతద్దం పిడిలో కెమెరా ఉంది.

*

ఫైరింజన్లు రెండూ బయట నిలబెట్టి ఉన్నాయి. హాల్లో వాటి స్థానంలో ఇరవై మడత టేబుళ్ళు. చర్చి ఆడవాళ్ళు వంటింట్లో బంగాళాదుంప కూరిన పియరోగీలు చేస్తుంటే వెన్నలో వేగే ఉల్లిపాయ వాసన నాణేల దాకా వస్తోంది. మార్చి నెల, పొద్దున పదిన్నర. ప్రార్థన ముగించుకుని వచ్చిన మిల్లు కార్మికులు కోట్లు కూడా విప్పకుండా టేబుళ్ళ మీదికి వంగిపోయారు.

గుమ్మం దగ్గర కుర్చీలో గస్ మెహాలిక్ కూర్చున్నాడు. క్రేన్ నడిపి రిటైరైన మనిషి. మైలో తండ్రి తర్వాత క్లబ్బు అధ్యక్షుడు.

"ఏరా మైలో. దారి తప్పొచ్చావా?"

"ప్రదర్శన ఉందని విన్నాను గస్ మామా."

"నలభై ఏళ్ళుగా ఉంది. ఇప్పుడు వినబడిందా నీకు? సరే, లోపలికి రా. పియరోగీలు పదకొండున్నరకి. ముందు అడిగితే మా ఆవిడ గరిటెతో కొడుతుంది."

గస్ వెనక గోడ మీద పాత అధ్యక్షుల ఫొటోలున్నాయి. మూడోది ఆండ్రెయ్ హుడాక్. నిరుడు అక్టోబరులో పోయాడు. అంత్యక్రియల రోజు మైలో భోజనాలకి కూడా ఆగకుండా రైలెక్కాడు. ఇప్పుడు ఆ ఫొటో ఎదురుగా టోపీ తీశాడు గాని తల పైకెత్తి చూడలేకపోయాడు.

పన్నెండో టేబుల్ వెనక వెరా లాంగ్ నక్కబొచ్చు కాలరున్న ఆకుపచ్చ కోటులో నిలబడి ఉంది. చుట్టూ ఆరుగురు మగవాళ్ళు ఆస్ట్రియా నాణేల గురించి అవసరానికి మించి ప్రశ్నలు వేస్తున్నారు. మైలో వాళ్ళు కదిలేదాకా ఆగాడు.

"మరియా థెరీసా వెండి నాణెం ఉందా?"

"ఉంది. చెవి దగ్గర అరిగిపోయింది."

"వినడానికి పనికొస్తే చాలు."

కోడు సరిపోయింది. వెరా ఒక నాణేన్ని చూపిస్తున్నట్టుగా వంగింది.

"నన్నెవరో గమనిస్తున్నారు. అందుకని వాటిని నా దగ్గర ఉంచుకోలేదు. ఏడో టేబుల్ మీద ఒక ముసలామె దగ్గర చవక నాణేల కలగలుపు పెట్టె ఉంది. అందులో పడేశాను."

"మీరు చదివారా?"

"లేదు. నాకు తెలియనిది నన్నెవరూ అడగరు." ఆమె నవ్వింది. "త్వరగా వెళ్ళు అందగాడా."

మైలో ఏడో టేబుల్ వైపు తిరిగాడు. అక్కడ కూర్చున్నది జుజానా బొడ్నార్.

అతను వెళ్ళలేదు. వంటింటి కిటికీ దగ్గరికి పోయి కాఫీ తీసుకున్నాడు. పక్క టేబుల్ మీది నాణేల్ని అక్కర్లేకపోయినా చూశాడు. పది నిమిషాలు గడిచాయి. తన ఉద్యోగంలో అంతకంటే చెడ్డ పది నిమిషాలు గడపలేదని తర్వాత రిపోర్టులో రాయాల్సి వచ్చింది.

ఆ హాల్లో కాగితం మీద లేని కట్టుబాటు ఒకటుంది. అమ్మేవాడు గమనించని విలువని కొనేవాడు గమనిస్తే అది కొనేవాడి అదృష్టం. నోరు విప్పక్కర్లేదు. కాని అమ్మేవాళ్ళు అడిగితే మాత్రం నిజం చెప్పాలి. అడిగాక అబద్ధమాడి కొన్నవాడి బేరం, సరుకు గుమ్మం దాటేలోగా తెలిస్తే, చెల్లదు. అందుకు ఒక్క సాక్షి చాలు.

1950లో జుజానా భర్త మిల్లులో ప్రమాదంలో పోయాడు. నెల తిరక్కుండా ఆమె అతని చుట్టల డబ్బా పట్టుకుని ఈ హాలుకి వచ్చింది. నిండా చిల్లర నాణేలు. అందరికంటే చదువుకున్నవాడని అప్పటికి ఇరవై రెండేళ్ళున్న మైలోని అడిగింది. "మా ఆయన వీటిని ఎందుకో దాచుకున్నాడు నాయనా. మంచిదేమైనా ఉందా ఇందులో?"

ఉంది. 1916 నాటి డైమ్. పది సెంట్ల వెండి నాణెం. వెనక అడుగున టంకశాల గుర్తుగా చిన్న 'డి' అక్షరం. ఆ అక్షరమున్నవి మిగిలింది చాలా కొద్ది. మైలో దాన్ని చూశాడు. చూసి, "అన్నీ మామూలువే అత్తా," అన్నాడు. డబ్బా మొత్తం పన్నెండు డాలర్లకి కొన్నాడు. ఆ ఒక్క డైమ్ అమ్మితే వాషింగ్టన్‌కి టికెట్టు, మూడు నెలల గది అద్దె వచ్చాయి. నెలన్నర తర్వాత అమ్మ ఉత్తరం రాసింది. నాన్న అధ్యక్ష పదవి వదిలేశాడు, ఇక నాణేల జోలికి పోవడం లేదు, అని. ఎందుకని మైలో ఎప్పుడూ అడగలేదు. నాన్న చెప్పలేదు.

ఇప్పుడు జుజానా టేబుల్ మీద గాజు మూతున్న చిన్న పెట్టె కూడా ఉంది. నల్ల మఖమలు మీద ఒకే ఒక డైమ్. పక్కన చీటీ: అమ్మకానికి కాదు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి కూడా అది ఏ సంవత్సరానిదో మైలోకి తెలిసిపోయింది. ఎవరికోసం అక్కడ పెట్టిందో కూడా తెలిసిపోయిందనుకున్నాడు.

కాఫీ కప్పు దించేసరికి ఏడో టేబుల్ ముందు బూడిదరంగు టోపీ మనిషొకడున్నాడు. కలగలుపు పెట్టెలోంచి అట్టలు తీస్తున్నాడు. నాణేల మొహం చూడటం లేదు. అట్టని తీసిన వెంటనే వెనక్కి తిప్పుతున్నాడు.

నాలుగు అట్టలు తిప్పాక తలెత్తాడు. "పెట్టె మొత్తం ఎంత?"

"ఇరవై డాలర్లు," అంది జుజానా.

"సరే."

చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళు ఒక్కసారి తలెత్తి చూశారు. చెప్పిన మొదటి ధరకే సరే అన్న మనిషిని ఆ హాలు నలభై ఏళ్ళలో చూడలేదు. జుజానా కూడా కాస్త నొచ్చుకున్నట్టే ఉంది. అయినా చెయ్యి చాపింది. చెయ్యి కలిపితే బేరం అయిపోయినట్టే. అతను పెట్టె తీసుకుని టెలిఫోన్ పక్కనున్న ఖాళీ టేబుల్ దగ్గరికి వెళ్ళి ఒక్కో అట్టా తిప్పసాగాడు.

మైలో పన్నెండో టేబుల్ వైపు చూశాడు. వెరా వస్తువులు సర్దుకుంటోంది. ఆమె ఇద్దరికీ చెప్పిందని అర్థమైంది.

*

"జుజా అత్తా."

ఆమె అతన్ని తేరిపార చూసింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్ళద్దాలు మందంగా ఉన్నాయి.

"హుడాక్ వాళ్ళ అబ్బాయివి. కొనడానికా, అమ్మడానికా?"

"ఆ పెట్టెలో అదనంగా మూడు అట్టలు కలిశాయి..."

"చూశాను. నా చేతిరాత కాదు. ఆ అక్షరాలు నా మాటలో లేవు. తీసేశాను." ఆమె ఏప్రన్ జేబు తట్టింది. "పక్కవాళ్ళ సరుకు ఎగిరొచ్చి నా పెట్టెలో పడింది. గస్‌కిచ్చి మైకులో చెప్పిస్తాను."

"నాకివ్వండి."

"నీవా?"

"కాదు."

"కాకపోతే ఎలా ఇవ్వను?"

"అత్తా, వినండి. వాటి వెనక రాసింది ఆ మనిషి చదివితే ఒకరి ప్రాణం పోతుంది. ఎవరిదో చెప్పలేను. నేను ఏ పని చేస్తానో కూడా చెప్పలేను. అతను మళ్ళీ వస్తాడు. ఏమైనా తీశారా అని అడుగుతాడు. లేదనండి. ఒక్క మాట."

"ఒక్క అబద్ధం."

"అవును."

"నువ్వు అడుగుతున్నావు. నన్ను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది మైలోకి.

"నేను బతుకుతున్నది ఈ టేబుల్ మీద నాయనా. అడిగినవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పి బతుకుతున్నాను. ఎందుకలా అలవాటు చేసుకున్నానో నీకు తెలుసు."

అంటే ఆమెకి తెలుసు. ఎప్పటినుంచి తెలుసో అడగడానికి వ్యవధి లేదు. టోపీ మనిషి వచ్చేశాడు.

"ఈ పెట్టెలోంచి ఏమైనా తీశావా అమ్మా?" మర్యాదగానే అడిగాడు. కుడి చెయ్యి కోటులో ఉంది.

"తీశాను," అంది జుజానా. "మూడు. నావి కావు కాబట్టి."

"పెట్టె నేను కొన్నాను. అందులో ఉన్నవన్నీ నావే. ఇచ్చెయ్."

జుజానా మూడు అట్టల్ని జేబులోంచి తీసి తన కాఫీ కప్పు పక్కన పెట్టింది. నాణేలు పైకి, రాత కిందికి. వాటి మీద అరచెయ్యి ఆనించింది.

"నువ్వు అడిగావు, చెప్పాను. ఇప్పుడు నేనడుగుతాను. ఏ పేరయ్యా నీది?"

"ప్రూయిట్. క్లీవ్‌లాండ్."

"ప్రూయిట్ గారూ, నా పెట్టెలో నీకు కావల్సింది ప్రత్యేకంగా ఏదైనా ఉందా?"

"ఏమీ లేదు. కాలక్షేపానికి కొన్నాను."

గస్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. అతని వెనకే పది పదిహేనుమంది. అక్కడ బేరం తగువంటే పియరోగీలు కూడా ఆగుతాయి.

"కాలక్షేపానికైతే మూడింటి కోసం ఇంత ఆత్రమెందుకయ్యా?"

"కొన్నది నాది. అంతే."

గస్ గడ్డం గోక్కున్నాడు. "అదీ న్యాయమే. జుజా, చెయ్యి కలిపావు కదా. ఈయన అబద్ధమాడాడని చెప్పేవాళ్ళుంటే వేరే సంగతి. ఉన్నారా ఎవరైనా?"

మైలో ఎదురుగా గోడ మీద తండ్రి ఫొటో ఉంది. ఈసారి చూశాడు.

"నేనున్నాను."

"నీకెలా తెలుసురా?"

ఆఫీసు పేరు చెప్పకూడదు. అట్టల సంగతి చెప్పకూడదు. వెరా సంగతి చెప్పకూడదు. అన్నీ తీసేస్తే చెప్పడానికి అతని దగ్గర మిగిలింది ఒక్కటే.

"పదకొండేళ్ళ క్రితం నేను కూడా ఇక్కడే నిలబడ్డాను. జుజా అత్త నన్ను అడిగింది, డబ్బాలో మంచిదేమైనా ఉందా అని. 1916 డైమ్ ఉంది, డి అక్షరంతో. నేను చూశాను. ఏమీ లేదన్నాను. దాన్ని అమ్ముకుని ఊరొదిలిపోయాను." ప్రూయిట్ వైపు తిరిగాడు. "ఈయనలాగే అబద్ధమాడాను. ఇంత మర్యాదగానే. అందుకని గుర్తుపట్టాను. మా నాన్నకి ఇందులో ఏ పాపమూ లేదు."

ఎవరో వెనక నుంచి అన్నారు, "ఆండ్రెయ్ కొడుకా ఇలా చేసింది." ఆ మాట మైలోకి తుపాకీ గుండుకంటే దగ్గరగా తగిలింది.

గస్ అతని మొహం వైపు చూడలేదు. "ఊరికే తన పరువు తను తీసుకునే మనిషి ఉండడు," అన్నాడు మెల్లగా. "సాక్ష్యం చెల్లుతుంది. బేరం చెల్లదు. ప్రూయిట్ గారూ, మీ ఇరవై డాలర్లు తీసుకోండి."

ప్రూయిట్ డబ్బు తీసుకోలేదు. ఎడమ చెయ్యి చాచి జుజానా మణికట్టు పక్కకి తోశాడు. కోటులోంచి కుడి చేతితో పాటు నల్లటి తుపాకీ వచ్చింది. వేళ్ళు మొదటి అట్ట అంచు పట్టుకున్నాయి. అట్ట సగం తిరిగింది.

మైలో టేబుల్‌ని మోకాలితో లేపాడు. అట్టలు మూడూ జారాయి. జుజానా వాటిని రెండు చేతులా పట్టుకుని వేడి కాఫీ కప్పులో ముంచేసింది.

తుపాకీ చూసి కూడా కదలని ఆ మనుషులందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. ఆ హాల్లో నాణేన్ని నీళ్ళ చుక్కతో తుడిచినవాడిని కూడా వెలివేస్తారు. కాఫీలో ముంచడం అంతవరకు ఎవరూ చూడలేదు. వాళ్ళ మొహాల్లోని ఆ దిగ్భ్రాంతి ఏమిటో అర్థంకాక ప్రూయిట్ ఒక్క క్షణం తల తిప్పాడు. మైలోకి ఆ క్షణం సరిపోయింది. తుపాకీ నేల మీద జారుతూ వంటింటి దాకా పోయింది. గస్ భార్య దాన్ని గరిటెతో పొయ్యి కిందికి నెట్టింది. ప్రూయిట్ గుమ్మం దాకా పరిగెత్తాడు. బయట లాండ్రీ వ్యానులో పొద్దుట్నుంచి ఎదురుచూస్తున్న కర్నల్ మనుషులిద్దరు అతన్ని అందుకున్నారు.

పన్నెండో టేబుల్ ఖాళీగా ఉంది. వెరాని ఎవరూ ఏమీ అడగలేదు.

మైలో కప్పులోంచి అట్టల్ని తీశాడు. రాత కరిగి గోధుమరంగు మరకయిపోయింది. మనిషి దక్కాడు గాని ఆ మనిషెవరో తెలిసే దారి పోయింది. భూతద్దం పిడిలోని కెమెరా జేబులో అలాగే ఉంది. పది నిమిషాల ముందే ఈ టేబుల్ దగ్గరికి వచ్చి ఉంటే, అనుకున్నాడు.

"అడుగు," అంది జుజానా.

"ఏమని అత్తా?"

"నాకు గుర్తున్నాయా అని. అడిగితేనే చెప్తాను."

"గుర్తున్నాయా?"

"పదకొండేళ్ళుగా అట్టల వెనక అక్షరాలు చదవడమే నా పని," అని పది అక్షరాలూ వరసగా చెప్పింది. మైలో వాటిని అంకెలు చేసి హాలు టెలిఫోన్‌లో కర్నల్‌కి చెప్పాడు. పావుగంటలో కర్నల్ తిరిగి ఫోన్ చేశాడు. ఇల్లు ఖాళీ చేయించారు. మనిషి సూపు దించి, పొయ్యి కట్టేసి మరీ కారెక్కాడట.

"ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది?" అన్నాడు కర్నల్.

"నిన్న నాకు జలుబు లేదు సర్," అని, కారణం మొత్తం చెప్పాడు.

కర్నల్ అడిగాడు, "అది ఫైల్లో రాయాలా?"

"రాయండి సర్."

*

మైలో తిరిగి వచ్చేసరికి జుజానా టేబుల్ తుడుచుకుంటోంది. అతను పర్సు తీశాడు.

"ఆ డైమ్ విలువ... అప్పటిది, ఇప్పటిది..."

"అక్కర్లేదు. అది నాకెప్పుడో ముట్టింది." ఆమె గాజు పెట్టె అతని వైపు తిప్పింది. "పిట్స్‌బర్గ్‌లో దీన్ని కొన్నవాడు మీ నాన్నకే చూపించాడట, మీ వాడే అమ్మాడని మురిసిపోతూ. ఆండ్రెయ్ తన వెండి డాలర్లన్నీ అమ్మేసి దీన్ని తిరిగి కొన్నాడు. తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టాడు. మా వాడు ఇది చేశాడన్నాడు. క్షమించమని కూడా అడగలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు."

"అందుకే క్లబ్బు మానేశాడా?"

"నాణేలు లేని మనిషి నాణేల క్లబ్బులో ఏం చేస్తాడు?"

కోపంతో మానేశాడని మైలో ఇన్నేళ్ళూ అనుకున్నాడు. కోపమే నయమనిపించింది.

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

అతను అడగలేదు. అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. మైలో కర్నల్ ఇచ్చిన రుమాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. జుజానా అంతసేపూ అట్టలు సర్దుతూ ఉండిపోయింది.

తర్వాత కప్పులోంచి తీసిన మూడు నాణేల్ని అతని ముందుకి తోసింది.

"వీటినిక ఎవరూ కొనరు. నా పేరు కూడా పోయింది వీటితో. నువ్వే కొనాలి. మూడు డాలర్లు."

"సరే అత్తా," అన్నాడు మైలో.

పక్క టేబుళ్ళ వాళ్ళు మళ్ళీ తలలెత్తారు. జుజానా ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"బేరం ఆడు నాయనా. లేకపోతే నిన్ను కూడా గూఢచారి అనుకుంటారు."